మచ్చ చెరిపే మాట

1791లో ఫ్రాన్స్ విప్లవ ప్రభుత్వం కొత్త శిక్షాస్మృతి రాసుకుంది. ఏ నేరానికి ఎన్నేళ్ళ సంకెళ్ళు, ఎన్నేళ్ళ నిర్బంధం అని లెక్క కట్టే సెక్షన్ల నడుమ ఒక చిన్న అధ్యాయం ఉంది. అది చదివినప్పటినుంచి కనబడ్డవాళ్ళకల్లా చెబుతున్నాను. శిక్ష పూర్తిచేసుకున్న మనిషి మీద నేరపు మచ్చ తీసేయడం ఎలాగో చెప్పే అధ్యాయమది.

శిక్ష ముగిసి పదేళ్ళు గడవాలి. ఆఖరి రెండేళ్ళూ ఒకే ఊళ్ళో కాపురం ఉండాలి. అప్పుడు ఆ ఊరి పురపాలక మండలికి అర్జీ పెట్టుకోవచ్చు. మండలి ఎనిమిది రోజుల్లో సమావేశమై అర్జీ సంగతి సభ్యులకు తెలియజేస్తుంది. ఆ మనిషి ఎలా బతుకుతున్నాడో వాకబు చేయడానికి వాళ్ళకు నెల గడువు. ఆ తర్వాత ఓటు. కాదన్నా తలుపు మూసుకుపోదు, రెండేళ్ళాగి మళ్ళీ అడగొచ్చు.

ఔనంటే జరిగేది చూడండి. ఇద్దరు మునిసిపల్ అధికారులు తమ హోదా చిహ్నమైన పట్టీలు భుజాన వేసుకుని, ఆ మనిషిని వెంటబెట్టుకుని నేరవిచారణ కోర్టుకు వెళతారు. జడ్జీలూ జనమూ చూస్తుండగా పాత తీర్పు చదువుతారు. ఇతను శిక్ష అనుభవించి నేరాన్ని కడుక్కున్నాడు, ఇప్పుడు ఇతని నడవడిలో వంక పెట్టడానికేమీ లేదు, ఈ మచ్చ చెరిపేయమని దేశం పేరిట అడుగుతున్నాం అని గొంతెత్తి చెబుతారు. కోర్టు అధ్యక్షుడు ఎవరితోనూ చర్చించనక్కర్లేదు. నీ దేశం నీ తరఫున వచ్చి అడిగింది గనక చట్టమూ ఈ కోర్టూ నీ మచ్చ చెరిపేస్తున్నాయని అక్కడికక్కడే ప్రకటించాలి. పాత తీర్పు రాసిన రిజిస్టరులో, దాని పక్కనే అంచున, ఈ సంగతి నమోదు చేయాలి.

ఇది నాటకంలా అనిపిస్తే దీని జోడీని కూడా చూడాలి. అదే చట్టంలో పౌరహోదా తీసేసే శిక్ష ఒకటుంది. దోషిని ఊరి నడిబొడ్డుకు తీసుకెళ్ళి, నీచమైన పని చేశావని నీ దేశం తేల్చింది, నిన్ను పౌరసత్వపు గౌరవం నుంచి దించేస్తున్నామని కోర్టు గుమాస్తా బిగ్గరగా చెప్పేవాడు. తర్వాత రెండు గంటలు మెడకు ఇనుప పట్టీ వేసి జనం ముందు నిలబెట్టేవారు. పరువు తీసింది నలుగురిలో, కాబట్టి తిరిగిచ్చేదీ నలుగురిలోనే. ఆ చట్టం రాసినవాళ్ళకు మనిషి స్వభావం బాగా తెలుసు. మచ్చ ఉండేది కాగితం మీద కాదు, ఇరుగుపొరుగు కళ్ళలో.

ఇలాంటి ఆలోచనకు పాత బంధువు రోమ్‌లో ఉంది. మూడో శతాబ్దం మొదట్లో ఒక ద్వీపానికి ప్రవాసం పంపిన మనిషిని కారకల్లా చక్రవర్తి ముందు నిలబెట్టారు. నీ ప్రాంతానికీ, నీ హోదాకూ, మిగిలిన సమస్తానికీ నిన్ను తిరిగి చేరుస్తున్నానని చక్రవర్తి అతనితోనే చెప్పాడు. ఆ మాట రోమన్ చట్ట సంకలనంలో నిలిచిపోయింది. అయితే అది రాజు దయ. దయ పోయి హక్కు రావడానికి, రాజు నోట కాక ఊరి నోట ఆ మాట రావడానికి పదిహేను వందల ఏళ్ళకు పైనే పట్టింది.

వచ్చింది ఎంతోకాలం నిలవలేదు. 1808లో నెపోలియన్ నేరవిచారణ స్మృతి మచ్చ చెరిపే ఈ పునరావాసాన్ని మళ్ళీ ఏలికచేతి వరంగా మార్చింది. ఊరేగింపు పోయి దరఖాస్తు మిగిలింది. 1791 చట్టం ఒంటి మీద వాతలు పెట్టడం మాన్పిస్తే 1810 స్మృతి దాన్ని తిరిగి స్థిరపరిచింది. కఠిన శ్రమ శిక్ష పడ్డవాళ్ళ భుజం మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో అక్షరాలు వేసేవారు. 1832లో గాని అది ఆగలేదు. చర్మం మీది అక్షరానికి అంచున రాసే సవరణ ఏముంటుంది?

ఆ రోజుల్లోనే విదోక్ అనే మనిషి ఉన్నాడు. జైళ్ళనుంచి పదేపదే పారిపోయిన ఖైదీ, చివరికి పారిస్ నేరపరిశోధక దళానికి అధిపతి అయ్యాడు. అధిపతిగా ఏళ్ళ తరబడి పనిచేస్తున్నా పాత శిక్ష అతని నెత్తి మీద వేలాడుతూనే ఉంది. 1818లో రాజు క్షమాభిక్ష పెట్టాకే తీరింది. 1827లో ఉద్యోగం వదిలి పారిస్ పక్కనే సాంమాందేలో కాగితం కర్మాగారం పెట్టి, జైలునుంచి వచ్చినవాళ్ళకు పనిచ్చాడు. అది నిలదొక్కుకోలేకపోయింది. విక్టర్ హ్యూగో నవలలో జైలునుంచి విడుదలైన కథానాయకుడి చేతిలో పసుపు రంగు కాగితం ఉంటుంది, అది చూసి అన్నం పెట్టేవాడుండడు, పడుకోనిచ్చేవాడుండడు. ఆ కథే 1950లో నాగయ్య నటించిన ‘బీదలపాట్లు’ సినిమాగా మన తెరకెక్కింది. మనవాళ్ళకు ఆ బాధ కొత్తదేం కాదు.

నేరచరిత్రను ఫైలుగా మార్చిన మనిషి పేరు ఆర్నూల్ద్ బోన్‌విల్ ద మార్సాంజీ. వెర్సాయ్‌లో ప్రభుత్వ ప్రాసిక్యూటరు. శిక్ష పడ్డ ప్రతి మనిషికీ ఒక చీటీ రాసి, అతను పుట్టిన ప్రాంతపు కోర్టుకు పంపాలని 1848లో ప్రతిపాదించాడు. దేశంలో ఎక్కడ తిరిగినా పుట్టిన ఊరు మారదు కదా! 1850లో ప్రభుత్వం దాన్ని అమల్లో పెట్టింది. కోర్టు గుమాస్తా గదిలో గళ్ళ బీరువా, అక్షరక్రమంలో చీటీలు. ఎవరు అడిగినా ఒక గడిలో చేయిపెట్టి మనిషి గతం తీయొచ్చు. ఈ మార్సాంజీయే శిక్ష మధ్యలో షరతులతో విడుదల చేయడం గురించీ, బయటికొచ్చాక పునరావాసం గురించీ అంతకుముందే పుస్తకం రాసినవాడు. గతాన్ని పదిలంగా దాచాలన్నవాడే మనిషికి మళ్ళీ దారి ఉండాలన్నాడు. తర్వాతివాళ్ళు బీరువాను వెంటనే పట్టుకున్నారు, దారి దగ్గర తాత్సారం చేశారు. 1885లో పునరావాసం మళ్ళీ కోర్టు చేతికొచ్చింది. 1899 చట్టంతో గడువు తీరితే అడగకుండానే చెరిగే ఏర్పాటు వచ్చింది. మేలే, కాని పట్టీ వేసుకుని పక్కన నడిచే మనిషి మాత్రం తిరిగి రాలేదు.

ఆ తర్వాతి కథ త్వరగా చెప్పేయొచ్చు. బ్రిటన్ 1974లో చట్టం చేసింది: చిన్న శిక్షలకు కొన్నేళ్ళు గడిస్తే చాలా సందర్భాల్లో ఆ సంగతి చెప్పనక్కర్లేదు. అమెరికాలో రాష్ట్రానికో పద్ధతి. 2018లో పెన్సిల్వేనియా అర్హత ఉన్న కేసులను కంప్యూటరే మూసేసేలా చట్టం చేసింది. అయితే అక్కడున్న మన పిల్లలు ఒకటి గుర్తుంచుకోవాలి. దుకాణంలో చిన్న దొంగతనం కేసు రాష్ట్ర కోర్టులో చెరిగినా, వలస చట్టం దాన్ని చెరిగినట్టు లెక్కించకపోవచ్చు. పౌరసత్వ దరఖాస్తులో చెరిపేసిన కేసుల గురించి కూడా అడుగుతారు.

మన దగ్గర మచ్చ వేసిన తీరే వేరు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే మనుషులను నేరస్థుల జాబితాకెక్కించింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. విచారణ లేదు, తీర్పు లేదు. పేరు రిజిస్టరులో ఎక్కితే వేలిముద్రలివ్వాలి, హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ కావాలి. సాల్వేషన్ ఆర్మీ చేతికి ఎరుకల కుటుంబాలను అప్పగించి 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలోని సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అదే స్టూవర్టుపురం. అక్కడివాళ్ళు చీరాల పొగాకు కంపెనీలో కూలీలుగా పనిచేశారు. సీతానగరం, కావలి, సిద్ధాపురాల్లోనూ ఇలాంటి సెటిల్‌మెంట్లు వెలిశాయి.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. లక్షల మంది మీద వేసిన నేరస్థ ముద్ర ఒక్క రోజులో చట్టప్రకారం చెరిగిపోయింది. ఇంత పెద్ద చెరిపివేత ప్రపంచంలో అరుదు. అయితే ఆ కుటుంబాలను పక్కన నిలబెట్టుకుని, వీళ్ళ మీద ఏ మచ్చా లేదని ఊళ్ళవాళ్ళకు చెప్పే బాధ్యత రద్దు చట్టం ఎవరికీ అప్పగించలేదు. రద్దయిన చట్టం స్థానంలో రాష్ట్రాల అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. తెలుగు సినిమా 1991లో కూడా స్టూవర్టుపురం పేరు పక్కన దొంగలు అని పెట్టుకుని పోస్టర్లు వేసింది. కవి జాషువ కుమార్తె హేమలత, ఆమె భర్త లవణం 1970లలో ఆ కుటుంబాల మధ్య పనిచేయడం మొదలుపెట్టారు. ఊళ్ళోకి వెళ్ళి మాట్లాడే పని చట్టం చేయకపోతే మనుషులు చేశారు. అది వాళ్ళ గొప్పతనం, ప్రభుత్వ లోపం.

ఇవాళ్టి లెక్క చూద్దాం. 1958 ప్రొబేషన్ చట్టం కింద విడుదలైనవాళ్ళకు శిక్షవల్ల వచ్చే అనర్హతలుండవు. 2015 బాలల న్యాయచట్టం గడువు తీరాక పిల్లల రికార్డులు ధ్వంసం చేయమంటుంది. కొన్ని మినహాయింపులు పోను పెద్దవాళ్ళు శిక్ష అనుభవించాక పాత కేసు చెరిపించుకునే సాధారణ చట్టం మనకు లేదు. పైగా 2022 చట్టం వేలిముద్రల వంటి కొలతలను 75 ఏళ్ళు దాచమంటోంది.

దానికి తోడు రౌడీషీటు. తెరవడానికి కోర్టు తీర్పు అక్కర్లేదు. పోలీసు మాన్యువల్ ప్రకారం డిసెంబరు ఆఖరుకల్లా దాన్ని మూసేయాలి, లేదంటే పై అధికారి ఉత్తర్వుతో మరో ఏడాది పొడిగించాలి. అంటే ఏటా ఒక్కసారైనా ఆ మనిషి ఎలా బతుకుతున్నాడో ఎవరో చూడాలి. మంచి నియమమే. కాని చూసేది స్టేషను గది లోపల, మూస్తే తెలిసేదీ అక్కడే. రౌడీషీటర్లను వరసగా నిలబెట్టి కౌన్సెలింగ్ ఇచ్చిన ఫొటోలు పేపర్లో తరచూ వస్తాయి. షీటు మూసేసిన వార్త అంత తేలిగ్గా కనబడదు.

నేను కోరేది పెద్దదేం కాదు. శిక్ష ముగిసి, ఇన్నేళ్ళు సక్రమంగా బతికినవాళ్ళు అర్జీ పెట్టుకునే దారి ఒకటి చట్టంలో ఉండాలి. ఏ నేరాలకు ఆ దారి వద్దో శాసనసభలో వాదించుకోవచ్చు. షీటు మూసిన రోజున ఆ మనిషి చేతికి సంతకం చేసిన కాగితం అందాలి, అతను కోరుకుంటే గ్రామసభలోనో వార్డు సభలోనో అధికారి ఆ సంగతి పైకి చదవాలి. అనుమానాన్ని ఊరందరికీ పంచిన ప్రభుత్వానికి నమ్మకాన్ని పంచడం కూడా విధే.