90ల హారర్ సినిమాలు: అమ్మాయికి పట్టింది దెయ్యమా.. జబ్బా? 'రాత్రి', 'మణిచిత్రతాళు' చెప్పిన రెండు సమాధానాలు

ఇంట్లో అమ్మాయి ఉన్నట్టుండి మారిపోయింది. సరిగా తినదు.. రాత్రిళ్లు నిద్రపోదు.. పిలిస్తే పరాయి మనిషిని చూసినట్టు చూస్తుంది. ఒకరేమో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్దాం అంటారు. ఇంకొకరు, 'గాలి సోకింది, ఎవరికైనా చూపించండి' అంటారు. ఈ మాట వినని ఊరు మన దగ్గర లేదు. సినిమాల సంగతి పక్కన పెడితే, చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టిన వార్తలు ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం.

సరిగ్గా ఈ ప్రశ్న మీదే 90ల మొదట్లో దక్షిణాది దర్శకులు రెండు సినిమాలు తీశారు. ఒకటి 1992లో రామ్ గోపాల్ వర్మ తీసిన 'రాత్రి'. రెండోది 1993 డిసెంబర్ 25న విడుదలైన మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు'. ప్రశ్న ఒకటే.. సమాధానాలు మాత్రం పూర్తిగా రివర్స్. (చూడనివాళ్లకు ముందే చెప్తున్నాం.. కింద రెండు సినిమాల ముగింపులూ ఉన్నాయి.)

అంతకుముందు దెయ్యం అంటే పాడుబడ్డ కోటే

అసలు విషయంలోకి వెళ్లే ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. అప్పటికి మన దేశంలో హారర్ సినిమా అంటే రామ్సే బ్రదర్స్. ఏడుగురు అన్నదమ్ములు.. తండ్రి ఎఫ్.యు.రామ్సే నిర్మాత. 1970లో వాళ్లు తీసిన 'ఏక్ నన్హీ మున్నీ లడ్కీ థీ' ఫ్లాప్ అయింది. కానీ అందులో పృథ్వీరాజ్ కపూర్ భయంకరమైన మాస్క్ పెట్టుకుని వచ్చే సీన్‌కి జనం అదిరిపోవడం అన్నదమ్ముల కంట పడింది. సినిమా మొత్తం అదే తీస్తే పోలా అనుకున్నారు. అలా 1972లో 'దో గజ్ జమీన్ కే నీచే' వచ్చింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అదే ఫార్ములా.. పాడుబడ్డ హవేలీ, పొగమంచు, శాపం, తలుపు వెనకాల రాక్షసుడు, మధ్యలో కామెడీ ట్రాక్, ఓ రెండు పాటలు.

వాళ్ల సినిమాల్లో అందరికీ గుర్తుండే ముఖం అనిరుధ్ అగర్వాల్‌ది. 'పురానా మందిర్'(1984)లో సామ్రీ ఆయనే, 'బంద్ దర్వాజా'(1990)లో నేవ్లా ఆయనే. విచిత్రం ఏంటంటే, ఈయన చదివింది సివిల్ ఇంజినీరింగ్. శేఖర్ కపూర్ 'బండిట్ క్వీన్'లో బాబూ గుజ్జర్‌గా కనిపించిందీ ఈయనే. మేకప్ లేకపోయినా భయపెట్టగలడని ఆ సినిమా చూస్తే తెలుస్తుంది.

తెలుగులో లైన్ వేరు. మన భయమంతా చేతబడి, క్షుద్రపూజల చుట్టూ తిరిగేది. దానికి సగం కారణం యండమూరి వీరేంద్రనాథ్ నవలలు. 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజుల్లో పాఠకులు దాన్ని ఎలా చదివారో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. ఆ నవలల ఊపులోనే 1986లో 'కాష్మోరా', 1989లో 'తులసిదళం' సినిమాలు వచ్చాయి. నవల చదివి వణికిన చాలామంది సినిమా చూసి పెదవి విరిచారు. పేజీలో ఊహించుకున్న భయం తెర మీద నిమ్మకాయలు, ముగ్గులుగా మారితే అంతే మరి.

'రాత్రి': కోట లేదు, రాక్షసుడు లేడు

1989లో 'శివ'తో వర్మ తెలుగు సినిమాని కుదిపేశాడు. 1991లో 'క్షణక్షణం' వచ్చింది. ఆ వెంటనే హారర్ అన్నాడు. తెలుగులో 'రాత్రి', హిందీలో 'రాత్'.. రెండూ ఒకేసారి తీశాడు. ప్రధాన పాత్రలో రేవతి. తల్లిగా రోహిణి హట్టంగడి, మాంత్రికుడిగా ఓం పురి. హీరోయిన్‌ని ప్రేమించే కుర్రాడిగా 'శివ' ఫేమ్ చిన్నా.

కథ చెప్పుకోవాలంటే రెండు లైన్లే. ఒక మామూలు మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంట్లో దిగుతుంది. నాన్న ఉద్యోగం, అమ్మ వంటిల్లు, కూతురు కాలేజీ, చిన్నోడు. ఆ ఇంటి కింద ఒక సెల్లార్ ఉంటుంది. పొరపాటున నాన్న కారు కింద పడి పిల్లిపిల్ల చచ్చిపోతుంది. పాతిపెడతారు. తర్వాత చూస్తే అలాంటి పిల్లే ఇంట్లో తిరుగుతుంటుంది!

ఇక్కడ వర్మ చేసిన పని ఏంటో చూడండి. కోటకి వెళ్లిన వాళ్లకి దెయ్యం పడితే, 'మనం కోటకి వెళ్లం కదా' అని ధైర్యంగా ఇంటికి పోవచ్చు. 'రాత్రి' ఆ అవకాశం ఇవ్వలేదు. మనం రోజూ చూసే అద్దె ఇల్లు, మెట్లు, బాత్రూమ్, పిల్లి. సినిమా చూసి వచ్చినవాడు తాళం తీసి అడుగుపెట్టాల్సింది అలాంటి ఇంట్లోకే.

రెండోది కెమెరా. 'శివ'లో స్టెడీక్యామ్ వాడి వర్మ పేరు తెచ్చుకున్నాడు. అక్కడ ఛేజింగ్‌ల కోసం వాడింది ఇక్కడ భయం కోసం వాడాడు. సినిమా మొదట్లో రేవతి బస్సు దిగి నిర్మానుష్యంగా ఉన్న చోట ఒంటరిగా నడుస్తుంది. ఏమీ జరగదు. ఎవరూ కనిపించరు. కెమెరా మాత్రం ఆమె వెనకాలే వస్తుంది. ఎవరి చూపు అది? సినిమా చెప్పదు. ఆ కెమెరా పట్టింది తేజ.. అవును, తర్వాత 'చిత్రం', 'నువ్వు నేను', 'జయం' తీసిన డైరెక్టర్ తేజానే. నేపథ్య సంగీతం మణిశర్మ. మెలోడీ బ్రహ్మ అని పిలుచుకునే మనిషి కెరీర్ మొదలైంది ఇలాంటి చెవులు మూసుకునే సినిమాతో అంటే ఇప్పటివాళ్లు నమ్మరు.

ఇక రేవతి. 'మౌనరాగం' అమ్మాయిని ఇలా చూడ్డానికి జనం సిద్ధంగా లేరు. ఆమె ఈ సినిమాలో భయపెట్టేది అరిచినప్పుడు కాదు. ఊరికే కూర్చుని తల్లి వైపు చూసినప్పుడు.

మరి ఆడిందా అంటే.. అప్పట్లో ఆశించినంత ఆడలేదు. కారణం ఊహించొచ్చు. హారర్ అంటే రాక్షసుడు కనబడాలి అని అలవాటు పడ్డ జనానికి, అరగంట పాటు ఖాళీ గదులు చూపించి భయపడమంటే ఎలా? కల్ట్ అనే పేరు తర్వాత తర్వాత వచ్చింది.. వీడియో క్యాసెట్లు, టీవీ ప్రసారాల పుణ్యమా అని.

మొదట అడిగిన ప్రశ్నకి 'రాత్రి' ఏం చెప్పింది? ప్రేమించిన కుర్రాడు ఇది మానసిక సమస్య అని నమ్ముతాడు, సైకియాట్రిస్టుని కలుస్తాడు. తల్లి మాంత్రికుడి దగ్గరికి పరుగెడుతుంది. సినిమా తల్లి పక్షం తీసుకుంది. అమ్మాయిలో ఉన్నది నిజంగా దెయ్యమే. డాక్టర్ చేతులెత్తేయాల్సిందే.

వర్మకి 'ఎగ్జార్సిస్ట్'(1973) అంటే ఉన్న పిచ్చి తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యం లేదు. అక్కడ చర్చి ఫాదర్ చేసిన పని ఇక్కడ ఓం పురి చేశాడు. సినిమాగా ఇది తిరుగులేని పని. ఇంట్లో నిజంగా జబ్బుతో ఉన్న అమ్మాయి ఉంటే మాత్రం, ఆ ముగింపు కాస్త ఇబ్బంది పెడుతుంది.

అదే టైమ్‌లో దెయ్యం టీవీలోకి దిగింది

1992 అక్టోబర్ 2న జీ టీవీ మొదలైంది. మరుసటి ఏడాదే 'జీ హారర్ షో'. తీసింది ఎవరనుకున్నారు? రామ్సేలే. థియేటర్లలో వాళ్ల మార్కెట్ పడిపోతున్న టైమ్‌లో టీవీ దారి దొరికింది. పంకజ్ ధీర్, అర్చనా పూరన్ సింగ్ నటించిన 'దస్తక్'తో షో మొదలైంది. కేబుల్ కనెక్షన్ ఉన్న ఇంటికి వీధి పిల్లలంతా చేరి, టైటిల్ మ్యూజిక్‌కే దుప్పటి ముసుగేసుకున్న తరం ఒకటుంది. 1995లో సోనీలో 'ఆహట్' వచ్చాక ఇక వెనక్కి చూసింది లేదు.

'మణిచిత్రతాళు': తాళం తీసింది ఎవరు?

ఇప్పుడు అసలు సినిమా. దర్శకుడు ఫాజిల్, రచయిత మధు ముట్టం. కేరళలోని ఆలుమ్మూటిల్ అనే పాత తరవాడు ఇంట్లో 19వ శతాబ్దంలో జరిగిన విషాదం ఈ కథకి ఆధారం. పద్మనాభపురం ప్యాలెస్, త్రిపుణితుర హిల్ ప్యాలెస్‌లలో షూటింగ్ జరిగింది. త్వరగా పూర్తి చేయడానికి ప్రియదర్శన్, సిబి మలయిల్, సిద్దిఖ్-లాల్ లాంటి డైరెక్టర్లు సెకండ్ యూనిట్ చూసుకున్నారు. ఒక సినిమాకి ఇంతమంది పెద్ద దర్శకులు.. ఇప్పుడు ఈగోలు అడ్డం రావూ!

నకులన్(సురేష్ గోపి), గంగ(శోభన) కలకత్తా నుంచి పూర్వీకుల బంగళాకి వస్తారు. తాళం వేసిన ఒక గది. అందులో నాగవల్లి ఆత్మ ఉందని పెద్దవాళ్ల నమ్మకం. నాగవల్లి తంజావూరు నుంచి తెచ్చిన నాట్యకత్తె, ఆమెను చంపినవాడు ఆ ఇంటి యజమాని శంకరన్ తంపి. గంగ ఆ తాళం తీయిస్తుంది. వింత సంఘటనలు మొదలవుతాయి.

అప్పుడు ఇంట్లో అందరి అనుమానం ఎవరి మీద పడుతుందో గమనించారా? శ్రీదేవి మీద (వినయ ప్రసాద్). జాతకంలో కుజదోషం ఉందని పెళ్లి విషయంలో అప్పటికే దెబ్బతిన్న అమ్మాయి. ఇంట్లో ఏది విరిగినా, ఎవరికి ఏం జరిగినా వేలు ఆమె వైపే. నిజ జీవితంలోనూ అంతే కదా.. దెయ్యం పట్టిందనే ముద్ర, మంత్రగత్తె అనే ముద్ర ఎప్పుడూ ముందే ఒంటరి అయిన ఆడవాళ్ల మీదే పడుతుంది. హారర్ సినిమా అనుకుని వెళ్లినవాళ్లకి ఫాజిల్ చెప్పకుండా చెప్పిన మాట ఇది.

డాక్టర్ సన్నీ(మోహన్ లాల్) వస్తాడు. చూడ్డానికి జోకర్‌లా ఉంటాడు, చెయ్యాల్సిన పని సైలెంట్‌గా చేస్తుంటాడు. జబ్బు శ్రీదేవికి కాదు, గంగకి అని కనిపెడతాడు. దెయ్యం లేదు.. బాల్యంలో ఒంటరితనం, లోపల అణిచిపెట్టుకున్న బాధ, నాగవల్లి కథతో కలిసిపోయి గంగలో ఇంకో మనిషిని తయారు చేశాయి.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది సైన్స్ పాఠం అయ్యేది. సన్నీ తెలివి ఏంటంటే, మాంత్రికుడు బ్రహ్మదత్తన్(తిలకన్)ని తరిమెయ్యడు. కలుపుకుంటాడు. నాగవల్లి పగ తీరాలి, అప్పుడే గంగ బయటపడుతుంది. అందుకే పూజ జరిపిస్తారు, హోమం పొగలో నకులన్‌ని తప్పించి బొమ్మని పెడతారు, ఆమె కత్తి దూస్తుంది. పగ తీరింది, రోగి బతికింది. మంత్రం కూడా మందులో భాగమే అయింది. మానసిక వైద్యంగా ఇది ఎంతవరకు నిలబడుతుందో అడగొద్దు. ఒక నిండు ప్రాణాన్ని దెయ్యం పేరుతో కొట్టకుండా కాపాడిన కథ అని మాత్రం ఒప్పుకోవాలి.

శోభనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అయితే ఆమె గొంతు ఇద్దరిది. గంగగా భాగ్యలక్ష్మి, తమిళంలో మాట్లాడే నాగవల్లిగా దుర్గ డబ్బింగ్ చెప్పారు. దుర్గ పేరు చాలా ఏళ్లు ఎవరికీ తెలియలేదు. ఫాజిల్ స్వయంగా చెప్పాకే అందరికీ తెలిసింది.

దెయ్యం మన భాషలో మాట్లాడింది

తర్వాత కథ మీకు తెలిసిందే. 2004లో కన్నడలో 'ఆప్తమిత్ర'.. సౌందర్య చనిపోయాక విడుదలైన సినిమా. 2005లో రజనీకాంత్, జ్యోతికల 'చంద్రముఖి'. 2007లో హిందీలో 'భూల్ భులయ్యా'. ఇక్కడో సరదా విషయం.. మలయాళంలో నాగవల్లి తమిళం మాట్లాడుతుంది. కన్నడ, తమిళ రీమేక్‌లలో తెలుగు మాట్లాడుతుంది. హిందీలో బెంగాలీ. దెయ్యానికి ఎప్పుడూ పక్క రాష్ట్రం భాషే! తమిళ సినిమాలో 'రా రా' అంటూ తెలుగు పాట మోగితే తమిళనాడు ఊగిపోయింది.

ఇవన్నీ ఇప్పుడు ఫోన్లలో ముప్పై సెకన్ల క్లిప్పులుగా తిరుగుతున్నాయి. 'లకలకలక' మీమ్ అయింది. 'రాత్రి'లో రేవతి సీన్లకి నవ్వే ఎమోజీలు పడుతున్నాయి. వాటిని చూసి 'ఇదేనా భయం?' అనుకుంటే ఆ సినిమాలకి అన్యాయం చేసినట్టే. ఆ భయం అరుపు దగ్గర లేదు. అరుపుకి ముందు పావుగంట నిశ్శబ్దంలో ఉంది. క్లిప్ కట్ చేసేవాడు ముందు తీసేసేది ఆ నిశ్శబ్దాన్నే. లైట్లు తీసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మొదటి నుంచి చూడండి.. అప్పుడు మాట్లాడుకుందాం.

వర్మ మాత్రం తన సమాధానం మార్చుకోలేదు. 2003లో 'భూత్' తీసినప్పుడూ డాక్టర్ ఓడిపోయాడు, దెయ్యమే నిజమైంది. రెండో వైపు, డాక్టర్ గెలిచిన కథకి వచ్చిన సీక్వెల్స్ చూడండి. 'భూల్ భులయ్యా 2'(2022), 'చంద్రముఖి 2'(2023).. రెండింటిలోనూ జబ్బు పోయి నిజం దెయ్యం వచ్చి కూర్చుంది. ఆ మరుసటి ఏడాది, 2024 ఆగస్టులో, 'మణిచిత్రతాళు' 4కేలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. కథ, క్లైమాక్స్ కంఠతా వచ్చిన జనమే టికెట్ కొనుక్కుని వెళ్లారు.