ముద్దాయి, జుర్మానా, సముత్థాన వ్యయం

గట్టు తగాదాలో తల పగిలినవాడూ, 63వ జాతీయ రహదారి మీద లారీ తగిలి కాలు విరిగినవాడూ మా చెన్నూరు ప్రాంతంలో ఒకే ప్రశ్న అడుగుతారు: "ఎదుటివానికి జుర్మానా పడితే ఆ పైసలు నాకే వస్తయి గద సారూ?" రావు. అది సర్కారు ఖజానాకు చేరుతుంది. ఈ జవాబు విని వారు తెల్లబోతారు. వారి ఆశ అమాయకమైనదేమీ కాదు, మన పాత ధర్మశాస్త్రం చెప్పినదానికి అది చాలా దగ్గర.

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య ఆరవ విక్రమాదిత్యుని కాలంలో మితాక్షర అనే వ్యాఖ్య రచించాడు. దానిని 13వ శతాబ్దంలో కేతన 'విజ్ఞానేశ్వరీయము'గా తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆంధ్రభాషాభూషణకర్తగా కేతనను చదివే మనం ఆయన న్యాయగ్రంథాన్ని అంతగా పట్టించుకోము. ఆ స్మృతిలో తిట్టడం వాక్పారుష్యం, కొట్టడం దండపారుష్యం. కొట్టినవాడు రాజుకు దండం చెల్లించాలి. గాయం మానడానికి అయిన ఖర్చును క్షతగాత్రునికీ ఇవ్వాలి. ఈ రెండవదాని పేరే సముత్థాన వ్యయం, అంటే పడినవాడు మళ్ళీ లేచి నిలబడడానికి అయిన వ్యయం. రెండూ ఒకే విచారణలో తేలేవి. సాక్షులు లేనప్పుడు గాయపు గుర్తులను చూడాలి, అయితే గుర్తులను కల్పించుకునేవారూ ఉంటారు కనుక యుక్తితో పరీక్షించాలి అని కూడా స్మృతికారుడు హెచ్చరించాడు. దొంగగాయాలు నేటి విద్య కాదన్నమాట!

బండ్ల ప్రమాదాల సంగతీ అక్కడ ఉంది. ఎద్దు ముకుతాడు తెగి గాని, కాడి విరిగి గాని ఎవరికైనా దెబ్బ తగిలితే యజమాని దోషి కాడు. మనువు మరికొంత ముందుకు వెళ్ళాడు: తోలేవాడు నేర్పరి అయితే దండం వానికే, నేర్పు లేనివాడు తోలే బండిలో కూర్చున్నవారందరికీ తలా నూరు పణాలు. ఈ నియమం ఈనాడు ఉంటే మన ఆటోల గతి ఏమిటో!

అయితే ఆ దండాలు వర్ణాన్నిబట్టి మారేవి. బ్రాహ్మణుని బాధించిన అబ్రాహ్మణుని అంగాన్నే నరకమన్న స్మృతిని ఆదర్శంగా చూపడం నాకు చేతకాదు. ఒకే విచారణలో గాయానికి ఖర్చు ఇప్పించిన ఆ ఒక్క పద్ధతి మాత్రమే నాకు నచ్చింది.

నిజాం కాలంలో న్యాయస్థానాల భాష మొదట పార్సీ, తరువాత ఉర్దూ. 1921లో న్యాయశాఖను పాలనాశాఖ నుండి వేరుచేశారు. బ్రిటిషు ఇండియాలో అప్పటికి ఇంకా సాగని సంస్కరణ అది. కాని తెలుగు రైతుకు తన ఫిర్యాదులో ఏమి రాశారో తెలిసేది కాదు. ఆ భాష మనకు వకీలు, జమానతు, వాయిదా, రాజీ అనే మాటలను మిగిల్చింది. ముద్దాయి కథ మరీ వింత. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగుకు వచ్చేసరికి బోనులో నిలబడ్డాడు!

1951 ఏప్రిల్ 1న భారత శిక్షాస్మృతి హైదరాబాదు రాష్ట్రానికి వర్తించింది. దానితో 1860 నాటి మెకాలే వారసత్వం మనదీ అయింది: నేరానికి ఒక దారి, నష్టపరిహారానికి వేరొక దారి. జరిమానాలోంచి బాధితునికి కొంత ఇప్పించే అధికారం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ నుండీ కోర్టుకు ఉంది, అయితే అది న్యాయమూర్తి విచక్షణ. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో మామూలు గాయానికి జరిమానా గరిష్ఠం వెయ్యి నుండి పదివేలకు పెరిగింది, శిక్ష ఏడాది వరకే. మామూలు దెబ్బల కేసులో మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాదు. దెబ్బ తిన్నవాడు ఒప్పుకుంటే రాజీ పడవచ్చు.

వాహన ప్రమాదం వేరు. 1956 సవరణ వల్ల వచ్చిన క్లెయిముల ట్రిబ్యునల్ డ్రైవరు మీది క్రిమినల్ కేసు ఫలితం కోసం ఆగనక్కరలేదు. డ్రైవరు నిర్దోషిగా విడుదలైనా పరిహారం రావచ్చు, ఎందుకంటే అక్కడ నిస్సందేహమైన రుజువు అవసరం లేదు, సంభావ్యత చాలు. తాను నివసించే చోటి ట్రిబ్యునల్లోనే దావా వేయవచ్చు. ఇది తెలియక, "కేసు కొట్టేశారు కదా" అని ఊరుకున్న కుటుంబాలు ఎన్నో.

ఇక లోక్ అదాలత్ పాత పద్ధతికి కొంత దగ్గర: ఉభయులూ ఒకచోట కూర్చుంటారు, ఖర్చు లెక్క తేలుతుంది. కాని అక్కడి అవార్డుపై అప్పీలు లేదు. మందుల చీటీలు సంచిలోనే ఉంచి సంతకం చేసినవాడికి, కాలిలో కడ్డీ తీయించే రెండవ ఆపరేషను ఖర్చు సొంత జేబులోంచే పోతుంది.