మినుకు దీపముల లెక్క

1943 వేసవిలో ఒకనాడు లాస్ ఏంజలస్ నగరమును కన్నులు మండించు పొగమంచొకటి కమ్ముకొనెను. యుద్ధకాలమగుటచే, శత్రువులు విషవాయువును ప్రయోగించిరేమోయని కొందరు పౌరులు భీతిల్లిరి. శత్రువు ఊరిలోనే యున్నాడనియు, అతడు ఇంటింటి ముంగిటను నిలిపియున్న మోటారు కారేయనియు తేలుటకు కొన్నేండ్లు పట్టెను. వాహనముల పొగగొట్టములనుండియు, పెట్రోలు శుద్ధి కర్మాగారములనుండియు వెలువడు హైడ్రోకార్బనులును నైట్రజను ఆక్సైడులును ఎండలో సంయోగమునొంది ఆ విషధూమమును జనింపజేయుచున్నవని, కాల్‌టెక్ విద్యాసంస్థలో ఆచార్యుడైన ఆరీ హాగెన్-స్మిట్ 1950 తరువాతి సంవత్సరములలో నిరూపించెను. పాతకార్ల డ్యాష్‌బోర్డుమీద ‘చెక్ ఇంజన్’ అని వెలుగు చిన్నదీపము చరిత్ర చెప్పదలచినవాడు ఈ పొగనుండియే ఆరంభింపవలెను. యజమాని సౌకర్యముకంటె నగరవాసుల ఊపిరితిత్తుల క్షేమమే దాని పుట్టుకకు ముఖ్యకారణము.

కాలిఫోర్నియా రాష్ట్రము 1967లో గాలి సంరక్షణకై ప్రత్యేకముగ నొక మండలిని ఏర్పరచెను. 1970లో సమాఖ్య ప్రభుత్వము కఠినమైన వాయుశుద్ధి చట్టమును చేసెను. 1975 నమూనానుండి అమెరికా కార్ల పొగగొట్టములకు కాటలిటిక్ కన్వర్టరులు చేరెను. అయితే ఆ కన్వర్టరు మూడువిధముల విషవాయువులను ఏకకాలమున హరింపవలెనన్నచో, ఇంజనులోనికి పోవు గాలికిని పెట్రోలుకును గల పాళ్ళు తూకమున ఇంచుమించు 14.7కు 1గా క్షణక్షణమును నిలిచియుండవలెను. ఎంతటి నేర్పరి సవరించినను కార్బురేటరు అంతటి నియమమును పాటింపజాలదు. అందుచే జర్మనీ దేశపు బాష్ సంస్థ పొగలోని ప్రాణవాయువును కనిపెట్టు ఆక్సిజన్ సెన్సారును నిర్మింపగా, 1976లో వోల్వో కంపెనీ అమెరికాకు పంపు కార్లలో దానిని అమర్చెను. ఆ సెన్సారు చెప్పినదానినిబట్టి పెట్రోలును హెచ్చుతగ్గులు చేయుటకు కంప్యూటరు కావలసివచ్చెను. 1981 నమూనానుండి జనరల్ మోటార్స్ కంపెనీ అమెరికాలో అమ్ము తన పెట్రోలు కార్లలో దాదాపు అన్నింటను అట్టి కంప్యూటరును పెట్టెను.

దానితో మరమ్మతు పని స్వభావమే మారిపోయెను. స్క్రూడ్రైవరు కొన అంబాసిడరు ఇంజనుకానించి, పిడి చెవికి చేర్చి, లోపలి చప్పుడునుబట్టి లోపమును చెప్పగల మేస్త్రీలను ఎఱిగిన పాఠకులు మనలో అనేకులుందురు. పాయింట్లు మాడినవో, కార్బురేటరులో చెత్త చేరినదో కంటికో, చెవికో, ముక్కుకో అందెడి విషయము; తీగలో ప్రవహించు అరవోల్టు విద్యుత్తు ఏ ఇంద్రియమునకును అందదు. కావున ఇంజనీర్లు ఆ భారమును కంప్యూటరుకే అప్పగించిరి. ఏ సెన్సారు సంకేతమైనను హద్దుమీరినచో, లేక రావలసినపుడు రాకున్నచో, దానికి కేటాయించిన అంకెను జ్ఞాపకమునందుంచుకొని దీపమును వెలిగించుట దాని విధి. ఇంతకు పూర్వమే ఫోక్స్‌వాగన్ కంపెనీ కార్లలో పరీక్షా సాకెట్టును అమర్చి, దానిని డీలరు షెడ్డులోని పెద్దయంత్రమునకు కలుపు ఏర్పాటు చేసియుండెను గాని, అందు పరీక్షించు బుద్ధి షెడ్డు యంత్రమునదే.

ఆ కాలపు జనరల్ మోటార్స్ కార్లలో స్టీరింగు దిగువను, డ్యాష్‌బోర్డు అంచునంటి, పండ్రెండు గదులుగల సాకెట్టొకటి కలదు. కర్మాగారమున కార్లు వరుసగా తయారై వచ్చుచోట పరీక్షలు జరుపుటకై ఉద్దేశింపబడిన ఆ సాకెట్టుకు ఏ.ఎల్.డి.ఎల్. అని పేరు. పై వరుసలో కుడికొసనున్న రెండు గదులకు ‘ఏ’, ‘బి’ అని గుర్తులు. మొదటిది ఎర్తు, రెండవది కంప్యూటరును ప్రశ్నించు తీగ. వంచిన పేపరు క్లిప్పును ఈ రెంటి నడుమ గ్రుచ్చి, ఇంజను స్టార్టు చేయకుండ తాళముమాత్రము త్రిప్పినచో, దీపము ఒకమారు మినుకుమని, కొంచెము తాళి, వెంటవెంటనే రెండుమార్లు మినుకుమనును. అది 12. మూడుమార్లు అదే వచ్చును. డిస్ట్రిబ్యూటరునుండి సంకేతము అందుటలేదని దాని భావము. ఇంజను తిరుగుటలేదు గనుక అందకపోవుటయే న్యాయము. తాను మేలుకొనియే యున్నానని కంప్యూటరు ఇట్లు ముందుగా ఋజువు చూపి, పిమ్మట దాచియుంచిన దోషాంకములను ఒక్కొక్కదానిని మూడేసిమార్లు చెప్పుకొనిపోయి, తుదకు మరల 12 వద్దకు వచ్చును. ఆ తొలి 12 రాకున్నచో కంప్యూటరునో, దాని తీగలనో మొదట చూడవలెను గాని తక్కిన ఇంజను జోలికి పోరాదు. పెట్రోలు ఇంజెక్షనుగల నమూనాలలో క్లిప్పు నట్లేయుంచి ఇంజను నడిపినచో దీపము వేఱొక పని చేయును: ఆక్సిజన్ సెన్సారు వేడెక్కనంతవఱకు సెకనుకు రెండుమూడుమార్లు వడిగాను, వేడెక్కి కంప్యూటరు దాని మాట వినుట మొదలిడిన పిమ్మట సెకనుకొకమారు నెమ్మదిగాను కొట్టుకొనును. ఒక్క చిన్న బల్బుచేత ఇంత పని చేయించిన మితవ్యయమును మెచ్చుకొనక తప్పదు.

తక్కిన కంపెనీలు తమతమ త్రోవలు త్రొక్కినవి. ఎనుబదుల నాటి ఫోర్డు కార్లకు సూదిగల పాతరకపు వోల్టుమీటరు తగిలించి, సూది ఎన్నిమార్లు ఎగసిపడెనో లెక్కింపవలెను. దోషమేమియు లేకున్న 11. డిజిటలు మీటరు ఎంత ఖరీదైనదైనను ఈ పనికి సూదిమీటరుతో సాటిరాదు. క్రైస్లరువారికి తీగతోనే పనిలేదు: ఐదు సెకనులలోపల తాళమును తెఱచుచు మూయుచు మూడవమారు తెఱచి యుంచినచో, దీపము తన లెక్క చెప్పి 55తో ముగించును. బ్యాటరీ తీగ ఇటీవల ఊడదీసినచో ఆ సంగతిని సైతము 12 అను అంకెతో అది బయటపెట్టును. జ్ఞాపకమును తుడిచివేసి కారును అమ్మజూచు వానికి ఇది చిక్కే. హోండా కార్లు అనేకములందు దీపము కంప్యూటరు పెట్టెమీదనే యుండుటచే, సీటు క్రిందనో, తివాచీ ఎత్తియో వంగి చూడవలెను. టయోటాలో టీఈ1, ఈ1 అను గదులను కలిపినచో, దోషము లేనపుడు దీపము ఆగకుండ సమగతిని మినుకుచుండును. 1981 ప్రాంతపు కాడిలాక్ కార్లలోనైతే ఎయిర్ కండిషనరు పలకమీది రెండు మీటలను ఒక్కసారిగ నొక్కిన, ఉష్ణోగ్రత చూపు గాజుగడిలోనే అంకెలు ప్రత్యక్షమగును. ధనికుల కారుకు తగిన దర్జా!

అంకెను చదువుట సులభము. దానినిబట్టి తీర్పు చెప్పుటయే కష్టము. ఆక్సిజన్ సెన్సారు ఇంచుమించు 0.1 నుండి 0.9 వోల్టుల నడుమ ఎడతెగక ఊగిసలాడవలెను. జనరల్ మోటార్స్ కారు 13 అని చెప్పినచో ఆ ఊగిసలాట నిలిచి, తీగ తెగినట్లు సంకేతము మధ్యనే చిక్కుకొన్నదని యర్థము. 44 అని చెప్పినచో అది దిగువనే నిలిచినది, అనగా పొగలో ప్రాణవాయువు అధికముగ కనబడుచున్నది. ఫిర్యాదు చేసినవానినే దొంగయని పట్టుకొన్నట్లు, 44 కనబడగానే ఆ సెన్సారునే ఊడదీసి క్రొత్తది బిగించువారు అనేకులు. నాలుగు దినములకు దీపము మరల వెలుగును. ఏలయన ఇంజనులోనికి గాలి పీల్చుకొను రబ్బరు గొట్టమెక్కడనో పగిలియుండవచ్చును. పెట్రోలు పంపు బలహీనమై యుండవచ్చును. ఒక స్పార్కు ప్లగ్గు మండింపక, ఆ సిలిండరులోని గాలి కాలకయే పొగగొట్టమున పడుచుండవచ్చును. లేదా సెన్సారుకు ముందే పొగగొట్టమునకు బీటవారి బయటిగాలి చొచ్చుచుండవచ్చును. ఇన్నింటిలో సెన్సారు తప్పు ఏదియు లేదు.

ఇంజను నీటి వేడిమిని కొలుచు సెన్సారు విషయమున పాత మెకానిక్కులు చేయు పరీక్ష ఇంతకంటె ముచ్చటగొలుపును. వేడి హెచ్చినకొలది దాని నిరోధము తగ్గును గనుక, తీగలు కలిసిపోయినచో కంప్యూటరు ఇంజను భగ్గుమనుచున్నదని భ్రమించి 14 నమోదు చేయును. తీగ తెగినచో ధ్రువప్రదేశపు చలియని తలచి 15 నమోదు చేయును. 15 కనబడినపుడు నేర్పుగలవాడు సెన్సారు ప్లగ్గును ఊడదీసి, దాని రెండు కొనలను చిన్నతీగతో తానే కలుపును. ఇప్పుడు 14 వచ్చెనా, తీగలును కంప్యూటరును నిర్దోషులు, సెన్సారును మార్చవచ్చును. రాకున్నచో దోషము తీగలోనో, ప్లగ్గులోనో, కంప్యూటరులోనో కలదు. పైసా ఖర్చులేని ఈ విచారణను, యంత్రమున అంకె చూచి అంగడికి పరుగెత్తు నేటి అలవాటుకంటె ఘనమైన విద్యగా నేను భావింతును.

1988 నమూనానుండి తన రాష్ట్రమున అమ్ముడగు క్రొత్తకార్లకు ఇట్టి స్వయంపరీక్షయు దీపమును ఉండితీరవలెనని కాలిఫోర్నియా మండలి శాసించెను గాని, సాకెట్టు రూపమును అంకెల అర్థమును కంపెనీల యిష్టమునకే విడిచెను. ఒకే 12 ఒక కంపెనీ కారులో డిస్ట్రిబ్యూటరు మాటయై, మఱొకదానిలో బ్యాటరీ మాటయైనపుడు, అన్నిరకముల కార్లను బాగుచేయు వీధిషెడ్డువాని అవస్థ ఊహింపదగినది. 1990లో సవరింపబడిన సమాఖ్య చట్టము ఈ అవ్యవస్థను తొలగించెను. కారు కంపెనీ యొద్దమాత్రమే దొరకు పరికరముగాని, రహస్య సంకేతముగాని అవసరము లేకుండ ఎవరైనను ఈ సాకెట్టుద్వారా కారును ప్రశ్నింపగలిగి యుండవలెనని ఆ చట్టము విధించెను. నా దృష్టిలో సాంకేతిక నియమములన్నింటికంటె ఈ వాక్యమే విలువైనది. 1996 నమూనానుండి అమెరికాలో 16 గదుల సాకెట్టును, ‘పి’ అక్షరముతో మొదలగు నాలుగంకెల దోషసంఖ్యలును గల ఓ.బి.డి.-2 పద్ధతి సర్వసామాన్యమయ్యెను. భారత్ స్టేజ్-4 నియమములు 2010 ఏప్రిల్‌లో హైదరాబాదుతో సహా 13 నగరములలో అమలునకు వచ్చినపుడు మనకును స్వయంపరీక్ష విధియయ్యెను. దాని రెండవ మెట్టు 2013లో వచ్చెను.

పాతకార్లను పోషించు అభిరుచిగలవారు ఒక్క సంగతి గమనింపవలెను. 1994, 1995 నమూనాలలో 16 గదుల సాకెట్టున్నను లోపల పాతపద్ధతియే నడచు అమెరికా కార్లు పెక్కు కలవు. వానియందు క్రొత్త స్కానరు మూగవోవును. సాకెట్టు ఆకారమును నమ్మక, బానెట్టు ఎత్తి లోపల అంటించిన కాలుష్య నియంత్రణ చీటీలో ఓ.బి.డి.-2 అను మాట యున్నదో లేదో ముందు చదువుడు.