డ్యాష్‌బోర్డు వెనుక చప్పుడు: నెల్లూరు తీరంలో ఒక మరమ్మతు కథ

అంబాసిడర్ల కాలంలో డ్యాష్‌బోర్డు వెనుక చప్పుడంటే మెకానిక్ ముందుగా అనుమానించేది స్పీడోమీటరు కేబుల్‌నే. 1957లో తయారీ మొదలైన ఆ కారులోనూ, 1983 చివర్లో వచ్చిన మారుతి 800లోనూ గేర్‌బాక్సు నుంచి మీటరు దాకా ఒక తొడుగులో మెలితిప్పిన ఉక్కు తీగ తిరిగేది. గ్రీజు ఎండితే టిక్కుటిక్కుమనేది, మీటరు ముల్లు వణికేది. బండి వేగంతోపాటు చప్పుడు పెరిగి, ఆపి ఇంజను రేజ్ చేసినప్పుడు వినిపించకపోతే దోషం కేబుల్ వైపే. తీగ లాగి, కిరసనాయిలుతో కడిగి, గ్రీజు పూసి బిగించేవారు. ఖరీదైన పరికరం అక్కర్లేదు, చెవి ఉంటే చాలు.

చెన్నై–కోల్‌కతా రహదారి మీదున్న నెల్లూరులో ఇలాంటి పనికి కొదవ ఉండేది కాదు. మైపాడు, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలి మరో చిక్కు. తొడుగు చిరిగిన చోట తీగ తుప్పు పట్టేది, వైర్ల కనెక్టర్లకు పచ్చని చిలుము పట్టేది.

ఎలక్ట్రానిక్ సెన్సర్లు వచ్చాక కేబుల్ పోయింది గానీ చప్పుడు పోలేదు. తాళం తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా ఏసీ ఫ్యాను ఒక్కటే నడిపినా గరగరమంటే అందులో ఎండుటాకు చిక్కిందనో, బేరింగు అరిగిందనో అర్థం. చాలా కార్లలో గ్లవ్‌బాక్సు విప్పితే ఫ్యాను అందుతుంది. చల్లదనం మార్చినప్పుడే టకటకమంటే గాలి తలుపును తిప్పే చిన్న మోటారులో ప్లాస్టిక్ పళ్లు విరిగి ఉండవచ్చు. దాన్ని మార్చడానికి కొన్ని కార్లలో డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి. భాగం చిన్నదే, కూలి మాత్రం పెద్దది.