సభాముఖము చూడని ఆధిక్యము

వి.కోట కనుమ దిగి దక్షిణమునకు వచ్చు బాటసారికి మొదట ఎదురగు తమిళనాటి పట్టణము పేర్ణాంబట్టు. తోళ్ల పరిశ్రమకు పేరొందిన ఈ ఊరు చిరకాలము గుడియాత్తము తాలూకాలో భాగమై యుండెను. ఆ గుడియాత్తమో మగ్గములకును అగ్గిపెట్టెలకును ప్రసిద్ధము. 1911వ సంవత్సరమువరకు ఉత్తరార్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణమై యుండుటచేతను, వీధులలో తమిళముతోపాటు తెలుగును ఉర్దూయు నేటికిని వినవచ్చుచుండుటచేతను, మద్రాసు రాజకీయములును ఆంధ్ర రాజకీయములును ఈ సీమవారికి రెండుగా తోచినవి కావు. స్వతంత్ర భారతమున ప్రతిపక్షములు పెక్కు ఏకమై, అల్పసంఖ్యాక పక్షమును అధికారమునుండి తొలగింప యత్నించిన తొలి మహాప్రయత్నమునందు ఉత్తరార్కాటు వహించిన పాత్ర మన చరిత్ర గ్రంథములలో తగినంత విపులముగా కానరాదు. కావుననే ఈ వ్యాసము.

1952వ సంవత్సరారంభమున వయోజన వోటుహక్కుతో జరిగిన ప్రథమ సార్వత్రిక ఎన్నికలలో, స్వాతంత్ర్య సమర ఫలముగా అఖండ ప్రతిష్ఠను ఆర్జించిన కాంగ్రెసు సంస్థ, దేశమున అత్యధిక భాగమున జయభేరి మ్రోగించియు, మద్రాసు రాష్ట్రమున మాత్రము 375 స్థానములకు 152 మాత్రమే గెలిచి తలవంచుకొనవలసివచ్చెను. తమిళ జిల్లాలలోని 190 స్థానములలో 96 దక్కగా, తెలుగు జిల్లాలలోని 143 స్థానములలో 43, మలబారున 29కి నాలుగు మాత్రమే లభించెను. ముఖ్యమంత్రి కుమారస్వామిరాజా స్వయముగా ఓడిపోయెను. అనంతపురమున నీలం సంజీవరెడ్డి తరిమెల నాగిరెడ్డి చేతిలో పరాజితుడయ్యెను. కమ్యూనిస్టులు 62 స్థానములతో ద్వితీయ స్థానము నందుకొనిరి. టంగుటూరి ప్రకాశము పంతులు నడపిన కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీకి 35 వచ్చెను. స్వతంత్ర సభ్యులు సయితము అరువదిమందికి పైబడి యుండిరి. ఇంతటి విచ్ఛిన్న తీర్పును ఎట్లు చదువవలెనో చెప్పుటకు, రెండేండ్లు నిండిన రాజ్యాంగమునకు అప్పటికి సంప్రదాయబలమే లేదు.

కాంగ్రెసేతర పక్షములు కొన్ని కూడి సంయుక్త ప్రజాస్వామ్య కూటమిగా ఏర్పడి, ఎనుబదియవ పడి సమీపించుచున్న ప్రకాశము పంతులును నాయకునిగా ఎన్నుకొని, తమకు 166 మంది సభ్యుల బలము కలదని గవర్నరునకు విన్నవించినవి. ఆ సంఖ్య కాంగ్రెసు సంఖ్యకు మించినదే. ఐనను 375 మంది గల సభలో ఆధిక్యమునకు 188 కావలయును. దానిని కాంగ్రెసు చేరలేదు, కూటమియు చేరలేదు. ఈ సత్యమును మరుగుపరచి, ఆధిక్యము చేతనుండగా పంతులుగారిని వంచించిరని వ్రాయువారు చరిత్రకు న్యాయము చేసినవారు కారు. కూటమి న్యాయమైన కోరిక ఒక్కటే: మాకు ఎదుటి పక్షముకంటె ఎక్కువమంది కలరు గనుక ముందుగా మమ్ము పిలువుడు, సభలో బలము నిరూపింపలేకపోయినచో తొలగింపుడు అని.

గవర్నరు శ్రీప్రకాశగారు ఆ కోరికను మన్నింపలేదు. కూటమి ఎన్నికల పిమ్మట పుట్టినదనియు, ఏకైక పక్షములలో కాంగ్రెసే పెద్దదనియు ఆయన తలంపు. కేంద్ర మంత్రిపదవిని విడిచి విశ్రాంతిలో నున్న రాజగోపాలాచారిని కాంగ్రెసు శాసనసభా పక్షము నాయకునిగా కోరగా, ఆయన ఏ నియోజకవర్గమునను పోటీచేయనివాడగుటచేత, గవర్నరు ఆయనను శాసనమండలికి నియమించి, 1952 ఏప్రిల్ 10వ తేదీన ముఖ్యమంత్రిగా ప్రమాణము చేయించెను. ప్రజల వోటు కోరని వ్యక్తి ప్రజాప్రభుత్వమునకు శిరస్సగుట నెహ్రూగారికే అంతగా రుచింపలేదు. కమ్యూనిస్టు నాయకుడు పి. రామమూర్తి ఈ నియామకమును ఉన్నత న్యాయస్థానమున ప్రశ్నించెను గాని, ఆ వ్యాజ్యము నిలువలేదు.

ఇచటనే ఉత్తరార్కాటు ప్రవేశించును. ఈ జిల్లాలోను చెంగల్పట్టులోను వన్నియ రైతుజనుల అండతో పెరిగిన కామన్‌వీల్ పార్టీకి ఆ ఎన్నికలలో ఆరు స్థానములు లభించెను. దక్షిణార్కాటు, సేలము సీమలలో అదే సామాజిక వర్గమునుండి జనించిన టాయిలర్స్ పార్టీకి 19 లభించెను. తాను స్వయముగా పోటీచేయని ద్రావిడ మున్నేట్ర కళగము ఈ రెండు పక్షములకును మద్దతొసగి, కాంగ్రెసునకు వ్యతిరేకముగా ఊరూర ప్రచారము చేసియుండెను. ఐనను కామన్‌వీల్ నాయకుడు ఎం.ఎ. మాణిక్యవేలు నాయకరు రాజాజీ మంత్రివర్గమున రెవిన్యూ శాఖను స్వీకరించెను. కాంగ్రెసును ఓడింపుమని వోటు వేసిన పల్లెలు కొలది నెలలలోనే తమ ప్రతినిధి కాంగ్రెసు ప్రభుత్వమున మంత్రియగుట చూచినవి. ఆ పల్లెలు వంచింపబడినవా, లేక చిరకాలము అధికారపీఠమునకు దూరముగా నుంచబడిన ఒక శ్రామికజాతి తొలిసారి ఆ పీఠమును అందుకొన్నదా? రెండును నిజమేయని నా నమ్మకము. ఆ పల్లెల దృష్టితో చూచినవారికి రెండవ మాట తేలికగా కొట్టివేయదగినది కాదు.

ఐదుగురు ముస్లిం లీగు సభ్యులును, కొందరు స్వతంత్రులును రాజాజీకి తోడుకాగా, కూటమి కట్టు సడలెను. అధికారము చేతనున్న పక్షమునకు కాలమే మిత్రము: జూన్ మాసమున రాజాజీ ఆహారధాన్యముల నియంత్రణను ఎత్తివేయగా జనాభిప్రాయమును కొంత ఆయనవైపు మొగ్గెను. జులై 3వ తేదీన సభలో విశ్వాస తీర్మానము నెగ్గినపుడు అనుకూలముగా 200 వోట్లును ప్రతికూలముగా 151 వోట్లును పడెను. ప్రమాణస్వీకారమునకును ఈ పరీక్షకును నడుమ గడచిన పన్నెండు వారములే కూటమిని ఓడించినవని నేననుకొందును. ముందుగా పిలువబడినవానికి పంచిపెట్టుటకు పదవులుండును. పిలువబడనివానికి వాగ్దానములే మిగులును. పంతులుగారిని పిలిచి, పదిదినములలో సభను సమావేశపరచి యుండినచో, ఆయన గెలిచెడివాడో ఓడెడివాడో గాని, ఆ నిర్ణయము ప్రతినిధుల చేతులెత్తిన లెక్కతో తేలియుండెడిది.

ఇది అసాధ్యమైన ఊహ కాదు. ఆ ఏప్రిల్ మాసముననే పంజాబు సంస్థానముల సంయుక్త రాష్ట్రమైన పెప్సులో కాంగ్రెసు మంత్రివర్గము కూలగా, జ్ఞానసింగ్ రారేవాలా నాయకత్వమున సంయుక్త కూటమి ప్రభుత్వము ఏర్పడెను. దేశమున అదియే తొలి కాంగ్రెసేతర మంత్రివర్గము. ఏడాది తిరుగక మునుపే, 1953 మార్చిలో, అచట రాష్ట్రపతి పాలన వచ్చెను. కూటముల ఆయుర్దాయము స్వల్పమన్న వాదమునకు ఇది సాక్ష్యమే. కాని స్వల్పాయువని యెరిగి పుట్టుకనే నిషేధించు హక్కు రాజభవనమునకు ఎక్కడినుండి వచ్చును?

ప్రకాశము పంతులుకు విధి మరియొక ఘట్టమును దాచియుంచెను. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ ఫలముగా 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రము అవతరింపగా, ప్రజా సోషలిస్టు పక్షమును వీడి, ఏ కాంగ్రెసును ఎదిరించి కూటమి కట్టెనో ఆ కాంగ్రెసు అండతోనే ఆయన తొలి ముఖ్యమంత్రియయ్యెను. మద్యనిషేధము విషయమై కల్లుగీతకార్మికుల అసంతృప్తి రగులగా, గౌతు లచ్చన్న వంటివారు ఎదురుతిరుగగా, 1954 నవంబరు 6వ తేదీన అవిశ్వాస తీర్మానము ఒక్క వోటు ఆధిక్యముతో నెగ్గి ఆయన మంత్రివర్గమును కూల్చెను. అదియు ప్రతిపక్షముల కూటమి విజయమే. ఐతే సభాముఖమున జరిగినది గనుక, ప్రజలు దానిని దుఃఖముతోనైనను అంగీకరించిరి. 1984వ సంవత్సరమున గవర్నరు రామలాల్ సభలో పరీక్ష లేకుండ ఎన్.టి. రామారావు ప్రభుత్వమును తొలగించినపుడు అదే తెలుగువారు వీధులలోనికి వచ్చి, నెలదినములలో ఆయనను తిరిగి పీఠమెక్కించిరి.

మద్రాసున కథ గుడియాత్తమునకు చేరినది. ఆంధ్ర భాగము విడిపోయిన పిమ్మట ప్రాథమిక విద్యాపథకముపై చెలరేగిన ఆందోళనలో రాజాజీ తొలగగా, 1954 ఏప్రిల్ 13వ తేదీన కామరాజు నాడార్ ముఖ్యమంత్రియయ్యెను. ఆయన అప్పుడు లోకసభ సభ్యుడు; రాష్ట్ర శాసనమండలములో ఆరు నెలలలో సభ్యత్వము పొందవలెనన్న రాజ్యాంగ నియమము ఆయనకును వర్తించును. రాజాజీ నడచిన నియామకమార్గము తెరచియే యుండగా, దానిని కాదని, కామరాజు గుడియాత్తము ఉపఎన్నికలో ప్రజలయెదుట నిలిచెను. కమ్యూనిస్టు అభ్యర్థి కోదండరామన్ ఎదిరించెను. పెరియారును, ద్రావిడ మున్నేట్ర కళగమును కామరాజును బలపరచిరి. గుడియాత్తము వోటర్లు ఆయనను గెలిపించి, రెండేండ్ల క్రిందట తప్పిన ఒక మర్యాదను తమ చేతులతో సరిదిద్దిరి. ఆ మంత్రివర్గమున మాణిక్యవేలు నాయకరు కొనసాగెను. టాయిలర్స్ నాయకుడు రామస్వామి పడయాచ్చి కొత్తగా చేరెను. పార్టీలు రెండును కాలక్రమమున కాంగ్రెసులో కలిసిపోయినవి. 1952లో ఆరుగురు సభ్యులతో మద్రాసు చేరిన నాయకరు, 1964లో అదే రాష్ట్ర శాసనమండలికి అధ్యక్షుడయ్యెను.