మెట్లదారి పొగగొట్టమైతే: పత్తి మిల్లు నుంచి సికింద్రాబాద్ దాకా

మన పల్నాడు వాళ్ళకి పత్తి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. జిన్నింగ్ మిల్లులో ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుద్దో పేటలో, సత్తెనపల్లిలో ఎవర్నడిగినా చెప్తారు. ఈరోజు కథ కూడా పత్తి మిల్లులోనే మొదలవుద్ది. కాకపోతే అమెరికాలో.

1874 సెప్టెంబర్ 19. మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫాల్ రివర్ అనే మిల్లుల ఊరు. అక్కడ గ్రానైట్ మిల్లులో నాలుగో అంతస్తులో మంటలు లేచాయి. పై అంతస్తులో పనిచేసేవాళ్ళు చిక్కుకుపోయారు. ఎందుకంటే దిగడానికి మెట్లున్నది ఒక్క టవర్లోనే. ఆ టవర్ నిండా పొగ. 20 మందికి పైగా చనిపోయారు, అందులో చాలామంది పిల్లలే.

ఇక్కడ సైన్స్ చాలా సింపుల్. వేడి గాలి తేలిక, పైకే పోద్ది. సీలింగ్‌కి తగిలి పక్కలకి పాకుద్ది. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ మళ్ళీ పైకి లేస్తది. తలుపుల్లేని మెట్లదారి అంటే దానికి పొగగొట్టమే. మనుషులు దిగాల్సిన దారిలోనే పొగ ఎక్కుతుంటది.

అదే 1874లో న్యూ హేవెన్‌లో పియానో ఫ్యాక్టరీ నడిపే హెన్రీ పార్మలీ, దానంతటదే పనిచేసే స్ప్రింక్లర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దాన్ని మెరుగుపరిచాడు. ముందుగా ఎక్కువగా పెట్టించుకున్నది బట్టల మిల్లులే. పెట్టించుకున్న మిల్లుకి ఇన్సూరెన్స్ ప్రీమియం తగ్గేది మరి.

సినిమాల్లో చూపించినట్టు అన్నీ ఒకేసారి పేలవు. సీలింగ్‌లో ఎర్రటి చిన్న గాజు గొట్టం కనిపిస్తది కదా, అది దాదాపు 68 డిగ్రీల దగ్గర పగులుద్ది. ఏది వేడెక్కితే అదొక్కటే నీళ్ళు చిమ్ముద్ది.

మరి ఫ్లోర్ మధ్యలో ఓపెన్ మెట్లో, ఎస్కలేటరో ఉంటే? వేడి స్ప్రింక్లర్ దగ్గర ఆగకుండా ఆ కంతలోంచి పైకి జారిపోద్ది. దీనికి అమెరికా స్ప్రింక్లర్ స్టాండర్డ్ ఎన్‌ఎఫ్‌పీఏ 13లో ఒక ఉపాయం ఉంది. కంత చుట్టూ సీలింగ్ నుంచి 18 అంగుళాల లోతున, కాలని అడ్డుపట్టీ దించుతారు. దానికి బయటివైపు, 6 నుంచి 12 అంగుళాల దూరంలో, 6 అడుగులకి మించని ఎడంతో వరసగా స్ప్రింక్లర్లు పెడతారు. పట్టీ వేడిని కాసేపు ఆపుద్ది, ఆలోపు స్ప్రింక్లర్లు తెరుచుకుంటాయి. ఒకటి గుర్తుపెట్టుకోండి: ఇది ఓపెన్ మెట్ల కోసం. ప్రమాదంలో జనం దిగాల్సిన మెట్లకి మాత్రం గోడలు, మూసుకునే ఫైర్ డోర్లు ఉండాల్సిందే.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. 2022 సెప్టెంబర్ 12 రాత్రి, సికింద్రాబాద్ రూబీ హోటల్. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి రూములు. మంట కిందే. పొగ మెట్లమీదుగా పైకెక్కింది. 8 మంది చనిపోయారు. ఆరు నెలలకి, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లో స్వప్నలోక్ కాంప్లెక్స్. 6 మంది చనిపోయారు, మంటల్లో కాదు, పొగకి ఊపిరాడక. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళే. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగానికొచ్చిన పిల్లలు.

వాళ్ళు మనలాంటోళ్ళే. నరసరావుపేట, మాచర్ల, గురజాల నుంచి కోచింగ్‌కీ, జాబ్‌కీ వెళ్ళి మనం ఉండేది కూడా ఇలాంటి బిల్డింగుల్లోనే. కింద షాపు, పైన హాస్టల్, మధ్యలో ఒకే మెట్లదారి.

అందుకే ఈరోజు రూముకెళ్ళేటప్పుడు నాలుగు చూడండి. రెండో మెట్లదారి ఉందా? ఉంటే తాళం వేసుందా? మెట్ల కింద బైకులు, అట్టపెట్టెలు, ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు ఉన్నాయా? ఫైర్ డోర్‌కి ఇటుకరాయి అడ్డం పెట్టి తెరిచి ఉంచారా? ఆ ఇటుకరాయి తీయడానికి రూపాయి ఖర్చవ్వదు. మిగతావాటికి ఓనర్‌ని అడగండి. ఒక్కరే కాకుండా ఫ్లోరంతా కలిసి అడగండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.