గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది

1878 జూలై 3. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో ఉన్న వెల్లంపల్లి దగ్గర, పొద్దున్నే ఇద్దరు తెలుగు బోధకులు గుండ్లకమ్మ ఏట్లోకి దిగారు. గట్టు మీద పేర్లు చదువుతుంటే ఒక్కొక్కరే నీళ్లలోకి వచ్చి మునిగి లేస్తున్నారు. ఆ ఇద్దరూ అలసిపోతే మరో ఇద్దరు దిగారు. అలా ఆరుగురు బోధకులు వంతులు మార్చుకుంటూ, మధ్యాహ్నం కాసేపు ఆగి, పొద్దుగూకేలోగా 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు.

వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అందరూ ధాత కరువును దాటి వచ్చినవాళ్లే.

1876లో వానలు ముఖం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి జనం నోట ధాత కరువు అనే పేరే నిలిచిపోయింది. 1878 దాకా అది దక్షిణాదిని పీల్చి పిప్పి చేసింది. దేశం మొత్తం మీద 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా. బతికుంటే బలుసాకు తినవచ్చంటారు గానీ, ఆ ఏడు ఆకూ అలమూ కూడా కరువే. భూమి లేని మాదిగ పల్లెలకు దెబ్బ ముందే తగిలింది. రైతుకు చెప్పులు కుట్టి, మోటకు కావలసిన తోలు పనులు చేసిపెట్టి, కళ్లం దగ్గర గింజలు కొలిపించుకునే బతుకులు వాళ్లవి. కళ్లమే లేని ఏడు కొలిచేదెవరు?

అప్పటికి పదేళ్లుగా ఒంగోలులో ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరకు సర్వే పని తెలుసు. కరువు పనుల కింద ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, ఆయన మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకున్నారు. పని పంచి, లెక్క చూసే మేస్త్రీలుగా తన దగ్గరి తెలుగు బోధకులనే పెట్టుకున్నారు. ఆరె, రంపె పట్టిన చేతులకు గడ్డపార కొత్త. అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా చేసిన పనికి కూలి చేతికొచ్చేది, ఆ పూటకు పొయ్యి వెలిగేది.

పని ఆగిన వేళల్లో బోధకులు కూలీల మధ్యే కూర్చునేవారు. భారం మోసి అలసినవాళ్లంతా తన దగ్గరికి వస్తే విశ్రాంతినిస్తానని యేసు చెప్పిన మాట వినిపించేవారు. పొద్దంతా మట్టితట్టలు మోసిన మనిషికి ఆ మాటను విడమరిచి చెప్పాల్సిన పని లేదు. పైగా చెబుతున్నది పరాయివాడు కాదు, తన పల్లె నుంచి వచ్చినవాడే. ఆ దారి పడింది కరువుకు చాలా ముందు. తోలు పనివాడైన యర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం పొంది, ఊరూరా తిరిగి సువార్త చెప్పాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఇతరులు తాకడానికి కూడా ఇష్టపడని మనుషులకు ఆ సంఘంలో పేరుంది, పక్కన కూర్చునే చోటుంది.

తిండి కోసం మతం మారారన్న మాట అప్పుడూ వినిపించింది, ఇప్పటికీ వినిపిస్తుంది. దానికి తారీఖులే జవాబు. కరువు సాయం పంచుతున్న కాలంలో, గింజల కోసం వస్తున్నారన్న అనుమానానికి తావివ్వకూడదని, క్లౌ దొర దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. జనం అడిగినా ఆగమన్నారు. సాయం ముగిశాక కూడా వాళ్లు వేల సంఖ్యలో తిరిగి వచ్చారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది: మూడు రోజుల్లో 3,536 మంది. ఆ ఏడాది చివరికి లెక్క 9,606కు చేరింది. ఇక పంచేదేమీ లేదని తెలిసి కూడా నడిచి వచ్చినవాళ్లను కేవలం ఆకలి నడిపించిందనడం వాళ్లను అవమానించడమే.

క్లౌ దొర పేరు ఒంగోలులో ఆసుపత్రి మీద ఉంది. నీళ్లలో నిలబడిన ఆరుగురూ తెలుగువాళ్లే అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఆ రోజు గట్టు మీద చదివిన పేర్లలో మీ ముత్తాతది ఉందని ఇంట్లో ఎవరైనా చెబితే, ఆ పెద్దలు మన మధ్య ఉండగానే వివరాలు అడిగి రాసిపెట్టుకోండి.